హేడ్రియన్ గోడ దగ్గర ఒక్క రోజే ఉంటే ఏ రోమన్ కోటకి వెళ్లాలి?

ఫొటోల్లో అన్నీ ఒకలాగే ఉంటాయి. పచ్చగడ్డి, మోకాలెత్తు రాళ్ల వరసలు, ఒక బోర్డు, నాలుగు గొర్రెలు. అందుకే ఉత్తర ఇంగ్లండు వెళ్లినవాళ్లలో చాలామంది పేరు ఎక్కువ వినబడే హౌస్‌స్టెడ్స్‌కి వెళ్లి, గాలికీ వానకీ తడిసి, "రాళ్లే కదా" అనుకుంటూ తిరిగొస్తారు. తప్పు కోటది కాదు. ఈ గోడ మీద ఏ కోటా పూర్తిగా మిగల్లేదు, ఒక్కో చోట ఒక్కో భాగం నిలిచింది. చెస్టర్స్‌లో స్నానశాల, హౌస్‌స్టెడ్స్‌లో మరుగుదొడ్డి, మొత్తం నక్షా. విండొలాండాలో కట్టడాలకంటే మనుషులు వాడిన వస్తువులు. బర్డోస్వాల్డ్‌లో గోడే. మీకు వీటిలో ఏది చూడాలనుందో తేలితే ఎక్కడికెళ్లాలో కూడా తేలినట్టే.

చదివే ఓపిక లేనివాళ్లకి ముందే చెప్పేస్తున్నాం. చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్తే చెస్టర్స్. చరిత్ర మీద ఆసక్తి ఉండి రోజంతా చేతిలో ఉంటే విండొలాండా. కొండగాలి, దృశ్యాలు, నడక కావాలంటే హౌస్‌స్టెడ్స్. జనం తక్కువ ఉండాలి, గోడ పక్కనే నడవాలి అంటే బర్డోస్వాల్డ్. కారు లేకపోతే, న్యూకాసిల్ దాటి పోలేకపోతే వాల్స్‌ఎండ్‌లోని సెజిడ్యూనమ్.

ఏ కోటకి వెళ్లినా ఒక్క నక్షా బుర్రలో ఉంటే చాలు. క్రీ.శ. 122లో హేడ్రియన్ చక్రవర్తి మొదలుపెట్టించిన ఈ గోడ తూర్పున వాల్స్‌ఎండ్ నుంచి పడమట బోనెస్ దాకా దాదాపు 117 కిలోమీటర్లు. రోమన్ మైలుకొక చిన్న కోట, రెండు మైలు కోటల మధ్య రెండు బురుజులు, కొన్ని మైళ్లకొకటి చొప్పున పటాలం ఉండే పెద్ద కోట. ఆ పెద్ద కోటలన్నీ పేకముక్క ఆకారంలో, మూలలు గుండ్రంగా ఉంటాయి. నడిమధ్యన కచేరీ, అంటే పటాలం జెండాలు, ఖజానా ఉండే భవనం. దానికి ఒక పక్క అధికారి ఇల్లు, ఇంకో పక్క ధాన్యం గాదెలు. ముందూ వెనకా బారులు తీరి సైనికుల గదులు. నాలుగు దిక్కులా ద్వారాలు. ఈ ముక్క ముందే తెలిస్తే బోర్డు చదవక్కర్లేకుండానే "ఇది గాదె, అది కచేరీ" అని పిల్లలకి చూపించొచ్చు.

హౌస్‌స్టెడ్స్: మొత్తం కోట ఒక్క చూపులో

వర్కోవికియమ్ అని రోమన్లు పిలిచిన ఈ కోట విన్ సిల్ అనే నల్లరాతి గుట్ట అంచున ఉంది. విస్తీర్ణం సుమారు 5 ఎకరాలు. మూడో శతాబ్దంలో ఇక్కడ ఉన్నది తుంగ్రియన్ల పటాలం, నేటి బెల్జియం ప్రాంతం నుంచి వచ్చిన కాలిబంట్లు, కాగితం మీద దాదాపు 800 మంది. గుట్ట సన్నగా ఉండటంతో కోటని తూర్పు పడమరలుగా పొడుగ్గా కట్టాల్సొచ్చింది. నేల దక్షిణానికి వాలుగా ఉంటుంది కాబట్టి పైనుంచి చూస్తే నక్షా అంతా కాగితం మీద గీసినట్టే కనిపిస్తుంది. ఈ సౌకర్యం మిగతా కోటల్లో లేదు.

ఇక్కడ అందరూ ఆగాల్సిన చోటు ఆగ్నేయ మూల, కోటలోకెల్లా పల్లం. మరుగుదొడ్డి అక్కడే కట్టారు, ఎందుకంటే వాననీరు ఎలాగూ అక్కడికే జారుతుంది. కొండ మీద పారే వాగు లేదు, బావి సరిపోదు. అందుకని పైనుంచి వచ్చే నీళ్లని రాతి పలకల తొట్లలో పట్టి, అవసరమైనప్పుడు కాలవలోకి వదిలేవారు. గదికి రెండు పక్కలా లోతైన కాలవలు కనిపిస్తాయి. వాటి మీద చెక్క పలకల సీట్లు వరసగా ఉండేవి. మధ్యలో అడ్డుగోడల్లేవు, అందరూ పక్కపక్కనే. కూర్చున్నవాడి కాళ్ల ముందు సన్నటి రాతి గాడి ఒకటి ఉంది. తుడుచుకునే స్పాంజి కడుక్కోడానికి అందులో నీళ్లు పారేవి. పక్కనున్న తొట్టి అంచులు కూడా చూడండి. రాయి అరిగి గుంటలు పడింది, కత్తులు నూరడం వల్లనే అంటారు.

గాదెల దగ్గర నేల మీద పొట్టి రాతి స్తంభాలు వరసగా ఉంటాయి. వాటి మీద నేల పరిచి, ధాన్యం కింద గాలి ఆడేలా చేశారు. చెమ్మ పడితే గింజ ముక్కిపోతుంది, నేలకి ఆనితే ఎలకలు చేరతాయి. మన పల్లెల్లో గాదెని దిమ్మ మీదికి ఎత్తి కట్టేదీ ఇందుకే.

ఉత్తర ద్వారం బయట అంత నిటారుగా పడిపోతుంటే బళ్లు ఎలా వచ్చేవన్న అనుమానం వస్తుంది. అక్కడ ఏటవాలు దారి ఉండేది, 19వ శతాబ్దపు తవ్వకాల్లో దాన్ని తీసేశారు. తూర్పు ద్వారం గడప రాళ్ల మీద బండిచక్రాల గాడులు కనిపిస్తాయి. ఆ కొలత చూసే రైలు పట్టాల వెడల్పు పెట్టారన్న కథ కూడా వింటారు. కథ బాగుంటుంది గానీ నమ్మకండి. ఆ వెడల్పు ఈ ప్రాంతపు బొగ్గు గనుల బళ్ల దారుల నుంచి వచ్చింది.

ఇబ్బందులు రెండు. కారు ఆపిన చోటు నుంచి కోట దాకా అర మైలు పైగా ఎక్కుడు దారి, తీరిగ్గా నడిస్తే పావుగంట. బేబీ స్ట్రోలర్ గులకరాళ్ల మీద తోయడం కష్టం, బిడ్డని వీపున కట్టుకునే సంచీ తెచ్చుకోవడం మేలు. రెండోది గాలి. జులైలో కూడా కోట లోపల గాలికి అడ్డేమీ ఉండదు. గొడుగు నిలవదు, టోపీ ఉన్న రెయిన్ కోటే పనికొస్తుంది. పార్కింగ్ రుసుము కోట టికెట్టులో కలవదు, విడిగా కట్టాలి.

చెస్టర్స్: రాళ్లు తలకంటే ఎత్తున నిలిచిన చోటు

రాళ్ల వరసలు చూసి ఊహించుకోవడం మీ వల్ల కాదనుకుంటే నేరుగా ఇక్కడికి రండి. నార్త్ టైన్ నది ఒడ్డున ఉన్న ఈ కోట, కిలుర్నమ్, ఆశ్వికులది. స్పెయిన్‌లోని అస్తూరియా ప్రాంతం పేరున్న దళం, సుమారు 500 గుర్రాలు. కోట సగం గోడకి ఉత్తరాన, సగం దక్షిణాన. అందుకే మూడు పెద్ద ద్వారాలు గోడకి ఉత్తరాన తెరుచుకునేవి, గుర్రాలు ఒక్కసారిగా బయటికి దూకడానికి.

కోటకి బయట, నదివైపు వాలులో స్నానశాల. కొండమట్టి జారి కప్పేయడంతో గోడలు కొన్ని చోట్ల సుమారు మూడు మీటర్ల ఎత్తున మిగిలాయి. లోపలికి దిగగానే బట్టలు మార్చుకునే గది, గోడలో వరసగా ఏడు కమాను గూళ్లు. అవి ఎందుకన్న దాని మీద ఇంకా వాదన ఉంది. బట్టల కోసమని కొందరు, దేవతల బొమ్మల కోసమని కొందరు. దాటితే ఒక పక్క పొడి వేడి గది, ఇంకో పక్క ఆవిరి గదులు, చల్లటి నీళ్ల తొట్టి. గడప రాళ్లు నడిమధ్యన గిన్నెలా అరిగి ఉంటాయి. నేలల కింద ఖాళీ వదిలి, పొయ్యి నుంచి వేడిగాలి పంపేవారు. ఆ స్తంభాలూ, పొయ్యి నోరూ కనిపిస్తాయి. చెప్పుల్లేకుండా నడిస్తే కాళ్లు కాలేవి, అందుకే చెక్క పాదరక్షలు వాడేవారు.

కోట లోపల కచేరీలో నేల కింద ఖజానా గది ఉంది, రాతి కప్పు చెక్కుచెదరలేదు. మెట్లు దిగి చూడొచ్చు, వాన పడ్డాక అడుగున నీళ్లు నిలుస్తాయి. ఎదురెదురుగా ఉన్న సైనికుల గదుల బారుల మధ్య వీధి కాలవ, వరండా స్తంభాల మొదళ్లు ఉన్నాయి. సైనికుడి గది ఎంత ఇరుకో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

ఈ కోటా, గోడలో చాలా భాగమూ మిగలడానికి కారణం జాన్ క్లేటన్. 1792లో పుట్టి 1890లో పోయిన ఈ న్యూకాసిల్ లాయరు గోడ ఉన్న పొలాలు ఒక్కొక్కటే కొనేశాడు. లేకపోతే రైతులు రాళ్లు పీక్కుపోయేవాళ్లు. ఆయన సేకరించినవి పెట్టిన మ్యూజియం 1896లో తెరిచారు, చెక్క బీరువాలు, చీటీలు ఇప్పటికీ పాతకాలపు పద్ధతిలోనే. అక్కడ కార్వోరన్ అనే ఇంకో కోట దగ్గర 1915లో దొరికిన కంచు కుంచం ఒకటుంది. దాని మీద 17½ సెక్స్‌టారియస్‌లు (అది రోమన్ కొలత) పడుతుందని చెక్కారు. కొలిస్తే 20కి పైనే పడుతుంది. రైతు దగ్గర పన్ను ధాన్యం కొలిచేటప్పుడు మోసం చేశారా, లోపల కొలత గుర్తు ఉండి అరిగిపోయిందా అన్నది తేలలేదు. మన ఊళ్లలో కుంచంతో కొలిచి అప్పులు తీర్చినవాళ్లకి ఏది నమ్మాలో చెప్పనక్కర్లేదు.

దారులు మెత్తటి గడ్డి మీద, దాదాపు చదునుగా ఉంటాయి, స్నానశాల వాలు తప్ప. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్లడానికి సులువైన కోట ఇది. నది అవతల రోమన్ వంతెన పునాది ఉంది, అది విడిగా, టికెట్టు లేకుండా చూడొచ్చు. చాలర్‌ఫోర్డ్ వంతెన పక్కనుంచి అర మైలు దారి. ఒక్కో రాయి నెత్తిన చిన్న చతురస్రపు గుంట కనిపిస్తుంది, రాయిని పైకెత్తే ఇనుప కొక్కెం బిగించడానికి తొలిచినది.

విండొలాండా: గోడకంటే పాతది

ఇక్కడ ఒక తికమక ఉంది. విండొలాండా గోడ మీద లేదు, దానికి దక్షిణాన మైలు దూరంలో ఉంది. పైగా గోడ పుట్టక ముందే, క్రీ.శ. 85 ప్రాంతంలో మొదలైంది. ఒకదాని మీద ఒకటిగా కనీసం తొమ్మిది కోటలు కట్టారు. మీరు నడిచే రాతి కోట మూడో శతాబ్దానిది. పేరుమోసిన చెక్క ఉత్తరాలు అంతకు నూరేళ్ల ముందటి కోటలవి, నేలలో లోతుగా, తడి బురదలో దొరికాయి. పాత కోటని పడగొట్టి, పైన బంకమట్టి, మట్టిగడ్డలు పరిచి కొత్తది కట్టేవారు. అడుగు పొరకి గాలి అందలేదు, కుళ్లబెట్టే సూక్ష్మజీవులు బతకలేదు. అందుకే చెక్క, తోలు, బట్ట నిలిచాయి. వేలకొద్దీ తోలు చెప్పులు, పిల్లలవి కూడా దొరికాయి. 2017లో బాక్సింగ్‌కి కట్టుకునే తోలు కవచాలు కూడా.

ఉత్తరాలు 1973లో రాబిన్ బర్లీ తవ్వకాల్లో మొదట బయటపడ్డాయి. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న చెక్క పలకలు, మసి సిరాతో రాసినవి. కంటికి కనిపించనివి పరారుణ ఫొటోల్లో చదవగలుగుతారు. ఒక కోట అధికారి భార్య క్లాడియా సెవెరా తన పుట్టినరోజుకి, సెప్టెంబరు 11కి, స్నేహితురాలు సుల్పీసియా లెపిదీనాని పిలిచిన ఉత్తరం అందరికీ తెలిసినదే. చివర్లో ఆమె స్వయంగా రాసిన రెండు ముక్కలు లాటిన్‌లో ఆడమనిషి చేతిరాతకి అతి పాత నమూనాల్లో ఒకటి. ఇంకొక పలక సైనికుల ఖాతాల చిట్టా. అందులో గంబాక్స్ అనేవాడి పేరు కింద మిరియాలకి 2 దీనారాలు రాసి ఉంది. మిరియాలు మలబారు తీరం నుంచి ఎర్రసముద్రం మీదుగా వచ్చేవి. ఆ వర్తకం తెచ్చిన రోమన్ నాణేలే మన నల్లగొండ, గుంటూరు నేలల్లోనూ దొరికాయి. కోస్తా మనిషి విండొలాండా చిట్టాలో తన వంటింటి సరుకు చూసుకోవడం ఒక ముచ్చట.

కానీ ఆ పుట్టినరోజు ఉత్తరం చూడాలని అక్కడికి వెళ్లకండి, నిరాశ పడతారు. అది లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. విండొలాండాలో కొన్ని అసలు పలకలు మాత్రమే అద్దాల పెట్టెలో ఉంటాయి.

వసంతం నుంచి శరత్కాలం మొదలు దాకా పని రోజుల్లో తవ్వకాలు జరుగుతూ ఉంటాయి, దగ్గరే నిలబడి చూడొచ్చు, అడగొచ్చు. వాన గట్టిగా పడితే ఆపేస్తారు. ఒక్కసారి తవ్విన పొర మళ్లీ రాదు కాబట్టే మొత్తం ఒకేసారి తవ్వరు. ఇంకో తొందర కూడా ఉంది. వేసవులు పొడిబారే కొద్దీ ఆ బురద ఎండి, లోపలికి గాలి చేరుతోంది. విండొలాండాని నడిపే ట్రస్టే 2023 నుంచి దగ్గర్లోని మాగ్నా (పైన చెప్పిన కార్వోరన్) కోటలో అయిదేళ్ల తవ్వకం మొదలుపెట్టడానికి ఇది ఒక కారణం.

నడక గురించి హెచ్చరిక: కోట గుట్ట మీద, మ్యూజియం కింద వాగు లోయలో. దిగడం సులువు, తిరిగి ఎక్కడమే కష్టం. మ్యూజియంకి గంటన్నర, కోటకి గంటన్నర, తిండికి అరగంట పెట్టుకోండి. రెండు గంటల్లో ముగించాలనుకుంటే వేరే చోటికి వెళ్లడం మంచిది.

బర్డోస్వాల్డ్, ఇంకా మిగతావి

బర్డోస్వాల్డ్‌లో కోట లోపల చూసేది తక్కువే. కానీ కోట నుంచి తూర్పుకి సాగే గోడ, ఇప్పుడు నిలిచి ఉన్న ఎడతెగని గోడల్లో అన్నిటికంటే పొడుగైనది. హారోస్ స్కార్ మైలు కోట దాకా నడిస్తే పావుగంట పట్టదు. ఇర్థింగ్ నదికి పడమట గోడని మొదట రాయితో కాక మట్టిగడ్డలతో కట్టారు, తర్వాత రాతి గోడ ఇంకో వరసలో వచ్చింది. అందుకే రెండూ విడివిడిగా కనబడే చోటు ఇది. ఇంకా దిగి నది దాటితే విల్లోఫోర్డ్ వంతెన పునాది పొలం మధ్యలో ఉంటుంది, నది పడమరకి జరిగిపోయింది.

కోట లోపల గాదె దగ్గర బల్లచెక్క మొద్దులు కొన్ని పాతి ఉంటాయి. అవి అలంకారం కాదు. రోమన్ పాలన పోయాక, కూలిన గాదె మీద ఎవరో చెక్క స్తంభాలతో పెద్ద సావడి కట్టుకున్నారు. ఆ స్తంభాలు నిలిచిన చోట్లే అవి. సైన్యం పోయాక ఇక్కడి మనుషులు ఎక్కడికీ పోలేదనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం గోడ మీద లేదు.

న్యూకాసిల్‌లో దిగినవాళ్లకి సెజిడ్యూనమ్ మెట్రో దూరంలోనే ఉంది. వాల్స్‌ఎండ్ స్టేషన్‌లో బోర్డులు లాటిన్‌లో కూడా ఉంటాయి. 1880లలో కోట మీద ఇళ్ల వరసలు కట్టేశారు, 1970లలో పడగొట్టి తవ్వారు. కాబట్టి రాళ్లకంటే నేల మీద గుర్తులే ఎక్కువ. వాటి అర్థం 35 మీటర్ల బురుజు ఎక్కితేనే తెలుస్తుంది. బురుజు, స్నానశాల నమూనా తెరిచి ఉన్నాయో లేదో కనుక్కున్నాకే బయల్దేరండి. దగ్గర్లోని సౌత్ షీల్డ్స్‌లో అర్బేయా అనే కోట ఉంది. అక్కడి పడమటి ద్వారాన్ని పునాదుల మీదే 1986లో తిరిగి కట్టారు. పిల్లలు ఇక్కడ విసుగు పడరు.

ఫ్రాంక్‌ఫర్ట్ వైపు ఉండే తెలుగువాళ్లకి ఇంగ్లండు దాకా అక్కర్లేదు. బాద్ హోంబుర్గ్ పక్కన సాల్‌బుర్గ్ కోటని కైజర్ రెండో విల్‌హెల్మ్ ఆజ్ఞతో 1907 నాటికి పునాదుల మీదే తిరిగి కట్టారు. నిండు కోట చూడాలంటే అదే. అయితే గోడ పైన పళ్ల వరసలా ఉండే దిమ్మలు అసలు వాటికంటే మరీ దగ్గరగా పెట్టారు. రాయి బయటికి కనిపిస్తుంది గానీ అప్పట్లో తెల్ల సున్నం పూత ఉండేది. కట్టిన కోటలో ఊహ సగం పక్కవాడిదే అవుతుంది, రాళ్ల కోటలో మీది.

చేయకూడనివి

మన దగ్గర పురావస్తు శాఖ నీలం బోర్డు ఉంటే చుట్టూ 100 మీటర్లలో కట్టడం నిషేధం, ఆపైన 200 మీటర్లకి అనుమతి కావాలి. బ్రిటన్‌లో అలా ఒకే కొలత లేదు. 1979 చట్టం కింద జాబితాలో చేరిన స్మారకం మీద ఏ పని చేయాలన్నా ప్రత్యేక అనుమతి కావాలి. అలాంటి చోట అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ వాడినా నేరమే. గోడ ఎక్కి ఫొటో దిగొద్దు. రాళ్ల మధ్య అతుకు పాతది, ఒక రాయి కదిలితే వాననీరు దిగి చలికాలంలో గడ్డకట్టి పక్క రాయిని కూడా తోస్తుంది. హౌస్‌స్టెడ్స్‌కి పడమట చెట్ల మధ్య ఒక చిన్న భాగం మీద మాత్రం బాటే గోడ మీదుగా పోతుంది. 2023 సెప్టెంబరులో గోడ పక్కన ఉన్న పేరుమోసిన సికమోర్ గ్యాప్ చెట్టు నరికినవాళ్లిద్దరికీ 2025లో జైలు పడింది. చెట్టు గోడ మీద పడినందుకు గోడకి నష్టం చేశారన్న అభియోగం కూడా వాళ్ల మీద నిలిచింది.

గోడలో ఏది ఎవరు కట్టారో తెలుసుకోవాలంటే పైకి చూడండి. పైన గడ్డి పరిచి, రాళ్ల మధ్య సున్నం లేకపోతే అది క్లేటన్ మనుషులు తిరిగి పేర్చింది. సున్నం అతుకు కనబడితే ఆ తర్వాత ప్రభుత్వ శాఖ మరమ్మతు చేసినది.

టికెట్లు, దారులు, సమయం

చెస్టర్స్, హౌస్‌స్టెడ్స్, బర్డోస్వాల్డ్ మూడూ ఇంగ్లిష్ హెరిటేజ్ నడిపేవి. హౌస్‌స్టెడ్స్ నేషనల్ ట్రస్ట్ ఆస్తి కాబట్టి ఆ సభ్యులకి కూడా ఉచితం. విండొలాండా వేరే ట్రస్టుది, ఆ సభ్యత్వాలు అక్కడ ప్రవేశానికి చెల్లవు. గ్రీన్‌హెడ్ దగ్గరి రోమన్ ఆర్మీ మ్యూజియంతో కలిపి ఒక టికెట్టు ఇస్తారు. రెండు రోజుల్లో మూడు ఇంగ్లిష్ హెరిటేజ్ చోట్లు చూసేటట్టయితే విడి టికెట్ల మొత్తం పక్కన ఏడాది సభ్యత్వం ధర పెట్టి చూడండి.

ఒక్క రోజుకి రెండు కోటలు, అంతకు మించి వద్దు. మా ఎంపిక: పొద్దున్న తలుపు తీసేసరికి చెస్టర్స్, మధ్యాహ్నం విండొలాండా. దారిలో కారబర్గ్ దగ్గర మిథ్రాస్ అనే దేవుడి గుడి పునాది ఉచితం, పావుగంట చాలు. అక్కడి బలిపీఠాలు నకళ్లు, అసలువి న్యూకాసిల్‌లోని గ్రేట్ నార్త్ మ్యూజియంలో ఉన్నాయి. హౌస్‌స్టెడ్స్, విండొలాండాలు పక్కపక్కనే ఉన్నా ఒకే రోజు పెట్టుకుంటే రెండు ఎక్కుళ్లకీ కాళ్లు ఊడతాయి.

బి 6318 రోడ్డు తిన్నగా ఉంటుంది కదా అని వేగం పెంచొద్దు. 18వ శతాబ్దంలో సైన్యం కోసం గోడనే పడగొట్టి దాని మీద వేసిన దారి అది, దిగుడుల్లో ఎదురొచ్చే కారు కనబడదు. కారు లేనివాళ్లకి న్యూకాసిల్, కార్లైల్ మధ్య రైల్లో హెక్సామ్ లేదా హాల్ట్‌విజిల్ దిగి, అక్కడి నుంచి ఏడీ122 బస్సు. గోడ మొదలైన సంవత్సరమే బస్సు నంబరు. అది వేసవి కాలపు బస్సు, చలికాలంలో దాని మీద ఆధారపడి వెళ్లొద్దు. ఆఖరి బస్సు టైము ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, గోడ పొడుగునా చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. నవంబరు నుంచి మార్చి దాకా కొన్ని కోటలు వారాంతాల్లోనే తెరుస్తారు, డిసెంబరులో నాలుగింటికల్లా చీకటి పడుతుంది. గోడ వెంట నడిచే 135 కిలోమీటర్ల బాట మీద ముద్రలు వేయించుకునే పాస్‌పోర్ట్ కూడా మే నుంచి అక్టోబరు దాకే నడుస్తుంది. ఎందుకంటే తడి నేల మీద బూట్లు తొక్కితే గడ్డి లేచిపోయి, దాని కిందే ఉన్న రోమన్ పొర చెదిరిపోతుంది.